కరకట్టలు, తూములు, చిన్న ఆనకట్టల భద్రత: చల్లపల్లి ప్రాంత రైతాంగం గమనించవలసిన అంశాలు

ఉపోద్ఘాతం

కృష్ణా డెల్టా రైతుకు ఆనకట్ట అనగానే విజయవాడలోని ప్రకాశం బ్యారేజి స్ఫురిస్తుంది. చల్లపల్లి, ఘంటసాల, మోపిదేవి ప్రాంతాల పొలాలకు కాలువ నీరు ఆ బ్యారేజి నుండే వస్తున్నందున ఈ భావన సహజమే. అయితే బ్యారేజికి, పొలానికి మధ్య సుమారు 60 కిలోమీటర్ల దూరం ఉన్నది. ఈ దూరంలో ఏటి వెంబడి కరకట్టలు, కాలువ గట్లు, లాకులు, రెగ్యులేటర్లు, తూములు, మురుగు కాలువల చివర సముద్రపు పోటును ఆపే స్లూయిజులు వరుసగా ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటి విఫలమైనా, మిగిలినవన్నీ సక్రమంగా ఉన్నప్పటికీ, దాని వెనుక ఉన్న పొలం మునిగిపోతుంది. గొలుసు బలం దాని బలహీనమైన కొక్కెం బలమే.

పెద్ద జలాశయాలకు ఇంజనీర్లు, పరికరాలు, చట్టబద్ధమైన తనిఖీలు ఉంటాయి. చిన్న కట్టకు చాలా సందర్భాలలో దాని మీదుగా రోజూ నడిచే రైతు, లస్కరు తప్ప వేరే కాపలా ఉండదు. కట్ట ఎట్లా పనిచేస్తుంది, ఎట్లా తెగుతుంది, తెగకముందు ఏ సూచనలు చూపుతుంది అనే విషయాలు తెలిసి ఉన్నట్లయితే ఆ నడక కూడా ఒక తనిఖీ అవుతుంది. ఈ విషయాలను సోదాహరణంగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

డెల్టాలో కట్టల వరుస

సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో విజయవాడ వద్ద నిర్మించిన తొలి ఆనకట్ట 1855 నాటికి పూర్తయినది. ఇది దాదాపు శతాబ్దకాలం డెల్టాకు నీరందించి, 1952లో వచ్చిన వరదకు తెగిపోయినది. దాని స్థానంలో 1954లో పనులు ఆరంభించి 1957లో పూర్తి చేసినదే నేటి ప్రకాశం బ్యారేజి. దీనికి 70 గేట్లు ఉన్నాయి. సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు దీనిపై ఆధారపడి ఉన్నది.

బ్యారేజి గురించి ఒక అపోహను ఇక్కడ తొలగించవలసి ఉన్నది. బ్యారేజి వరదను ఆపదు. దాని నిల్వ సామర్థ్యం సుమారు 3 టి.ఎం.సి.లు మాత్రమే. 2024 సెప్టెంబరు 2న బ్యారేజి వద్ద నమోదైన ప్రవాహం సుమారు 11.43 లక్షల క్యూసెక్కులు. రోజుకు ఒక టి.ఎం.సి. ప్రవాహమంటే సుమారు 11,574 క్యూసెక్కులు. ఈ లెక్కన నాటి ప్రవాహం రోజుకు దాదాపు 99 టి.ఎం.సి.లకు సమానం. అంటే బ్యారేజి ఖాళీగా ఉన్నప్పటికీ ఆ ప్రవాహానికి ముప్పావు గంటలో నిండిపోతుంది. పైనుండి వచ్చిన వరదను వచ్చినట్లే క్రిందికి వదలవలసినదే. కావున బ్యారేజి దిగువన నడకుదురు, ఆముదార్లంక వంటి ఏటి ఒడ్డు గ్రామాలను, పులిగడ్డ దిగువన దివిసీమను వరద నుండి కాపాడవలసిన బాధ్యత పూర్తిగా కరకట్టలదే. 2009 అక్టోబరులో సుమారు 11.10 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు, నదికి ఆవలి వైపున రేపల్లె ప్రాంతంలోని ఓలేరు వద్ద కరకట్టకు గండి పడి ఊళ్లు మునిగిన సంగతి ఈ ప్రాంత రైతులకు గుర్తుండే ఉంటుంది. నాడు బ్యారేజి నిలిచినది. తెగినది మట్టి కట్ట.

దివిసీమకు మరొక ముప్పు సముద్రం వైపు నుండి ఉన్నది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఆ భూముల మీదుగా ఎట్లా ప్రవహించినదో చెప్పనవసరం లేదు. అంతటి ఉప్పెనను చిన్న స్లూయిజు ఆపలేదు. కానీ ప్రతి అమావాస్యకు, పున్నమికి వచ్చే పోటు ఉప్పునీటిని మురుగు కాలువలోనికి రానివ్వకుండా ఆపవలసినది, ఆటుపోట్ల మధ్య వాన నీటిని సముద్రంలోనికి వదలవలసినది ఆ స్లూయిజు తలుపే. అది తుప్పుపట్టి మూతపడకపోతే భూమి చౌడుబారుతుంది. తెరుచుకోకపోతే పైరు మునుగుతుంది.

చట్టం పరిధి ఎంతవరకు?

పార్లమెంటు ఆమోదించిన ఆనకట్టల భద్రతా చట్టం 2021 డిసెంబరు నుండి అమలులోనికి వచ్చినది. దీని ప్రకారం 15 మీటర్లకు మించిన ఎత్తు గల ఆనకట్టలు నిర్దిష్ట ఆనకట్టలుగా పరిగణింపబడతాయి. 10 నుండి 15 మీటర్ల మధ్య ఎత్తు గలవి కూడా, పొడవు 500 మీటర్లకు తగ్గకపోవడం, నిల్వ పది లక్షల ఘనపు మీటర్లకు తగ్గకపోవడం వంటి షరతులలో ఏదైనా ఒకటి వర్తించినట్లయితే ఈ కోవలోనికి వస్తాయి. వీటికి వర్షాకాలానికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి తనిఖీ జరపాలి. అత్యవసర కార్యాచరణ ప్రణాళిక సిద్ధం చేయాలి.

అయితే వరద కట్టలు, కాలువలు, అక్విడక్టులు ఈ చట్టం నిర్వచించిన ఆనకట్ట పరిధిలోనికి రావు. 10 మీటర్ల లోపు చెరువు కట్టలు, చిన్న ఆనకట్టలు కూడా రావు. అనగా డెల్టా రైతును నిత్యం కాపాడుతున్న కట్టడాలలో అధిక భాగం ఈ చట్టం దృష్టికి వెలుపల ఉన్నాయి. వీటి బాధ్యత జలవనరుల శాఖది; 1997 నాటి రైతుల నీటిపారుదల వ్యవస్థల నిర్వహణ చట్టం క్రింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలకు కూడా తమ పరిధిలోని కాలువలు, తూముల నిర్వహణలో పాత్ర ఉన్నది. చట్టం పెద్ద ఆనకట్టలకు విధించిన రెండు తనిఖీల పద్ధతిని ఈ సంఘాలు చిన్న కట్టలకు తమంతట తాముగా పాటించుటకు ఎట్టి ఆటంకమూ లేదు.

కట్ట చిన్నదైనంత మాత్రాన ప్రమాదం చిన్నది కాదు. మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో తివరే అనే చిన్న మట్టి ఆనకట్ట 2019 జూలై 2 రాత్రి తెగిపోయి సుమారు 20 మంది మరణించారు. కట్ట నుండి నీరు కారుతున్నదని తాము ముందే తెలియజేశామని గ్రామస్థులు వాపోయారు. కట్టను ఎండ్రకాయలు బలహీనపరచాయని నాటి రాష్ట్ర మంత్రి ఒకరు చెప్పగా ఆ మాట విమర్శలకు, పరిహాసానికి గురైనది. ఎండ్రకాయ బొరియ వలన కట్టకు హాని కలుగుతుందనుట వాస్తవమే. కానీ బొరియ ఒక్క రాత్రిలో ఏర్పడదు. దానిని పూడ్చక వదలివేయుటయే అసలు కారణమవుతుంది. 2023 సెప్టెంబరులో లిబియాలోని డెర్నా పట్టణం ఎగువన రెండు కట్టలు తెగి వేలాదిమంది మరణించారు. ఆ కట్టలలో పగుళ్లను 1998లోనే గుర్తించినట్లు తరువాతి విచారణలో వెల్లడైనది. రెండు చోట్లా కట్ట ముందుగానే హెచ్చరించినది. ఆ హెచ్చరిక పనిగా మారలేదు.

మట్టి కట్ట తెగే విధానాలు

కట్టపై నీటి ఒత్తిడి నీటి లోతును బట్టి ఉంటుంది గానీ నీటి విస్తీర్ణాన్ని బట్టి కాదు. ప్రతి మీటరు లోతుకు చదరపు మీటరుకు ఒక టన్ను చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 3 మీటర్ల నీటిని ఆపుతున్న కట్ట అడుగున చదరపు మీటరుకు 3 టన్నుల ఒత్తిడి ఉంటుంది. ఆ నీరు కృష్ణానదిలో ఉన్నా, చిన్న కుంటలో ఉన్నా ఇందులో భేదం లేదు. ఈ ఒత్తిడికి లోనైన మట్టి కట్ట ప్రధానంగా నాలుగు విధాలుగా తెగుతుంది.

1. పైనుండి పొర్లుట: నీరు కట్ట మీదుగా పొర్లినప్పుడు వెలుపలి వాలుపై వేగంగా జారుతూ మట్టిని కోసివేస్తుంది. కట్ట పైభాగం అంతటా ఒకే మట్టంలో ఉండదు. ట్రాక్టరు చక్రాల గాడి, పశువులు దిగే దారి, ఎవరో మట్టి తీసుకొనిపోయిన చోటు కొద్ది అంగుళాలు పల్లంగా ఉంటాయి. నీరు మొదట అక్కడే పొర్లుతుంది. అక్కడే గండి పడుతుంది. కావున కట్ట ఎత్తు అంటే దాని సగటు ఎత్తు కాదు, అన్నిటికంటె పల్లమైన చోటు ఎత్తు మాత్రమే.

2. లోపలి కోత: ప్రతి మట్టి కట్టలోను కొంత ఊట ఉంటుంది. ఊట స్వచ్ఛంగా, ఒకే పరిమాణంలో ఉన్నంతవరకు అంతగా భయపడనవసరం లేదు. ఊట నీరు బురదగా మారినదంటే అది కట్టలోని మట్టిని మోసుకొని వస్తున్నదని అర్థం. ఈ కోత వెలుపలి అంచు వద్ద ఆరంభమై నీటి వైపునకు సొరంగంవలె పెరుగుతూ పోతుంది. నీటిని చేరిన పిమ్మట గంటల వ్యవధిలోనే కట్ట కూలిపోతుంది. పందికొక్కుల, ఎండ్రకాయల బొరియలు, కుళ్లిన చెట్ల వేళ్లు ఈ సొరంగానికి సగం దారిని ముందే సిద్ధం చేసి ఉంచుతాయి.

3. వాలు జారుట: తడిసిన మట్టి తన బలాన్ని కోల్పోయి జారిపోతుంది. వరద సమయంలో వెలుపలి వాలు జారే అవకాశం ఉండగా, వరద వేగంగా తగ్గినప్పుడు నది వైపు వాలు జారుతుంది. నీరు తగ్గినా కట్టలోని తేమ అంత త్వరగా తగ్గకపోవడం, వాలును ఆనుకొని నిలిపి ఉంచిన నీరు లేకపోవడం ఇందుకు కారణం. వరద తగ్గినదని కాపలా వదలివేయడం అందువలన సరికాదు.

4. కట్టుబడి వద్ద విడిపోవుట: తూము గోడ, పైపు వంటి కాంక్రీటు లేదా రాతి భాగానికి మట్టి గట్టిగా అంటుకొనదు. ఈ కలయిక వద్ద మట్టిని సరిగా కుదించనట్లయితే గోడ వెంబడి నీరు దారి చేసుకొంటుంది. రైతులు కట్టను తవ్వి పైపులు వేసుకొనుట వలన ఏర్పడే ప్రమాదం ఇదే.

ప్రపంచవ్యాప్తంగా మట్టి ఆనకట్టల వైఫల్యాలలో అధిక భాగం మొదటి రెండు కారణాల వలననే సంభవించినవి.

నల్లరేగడి, చౌడు నేలలతో ప్రత్యేక సమస్యలు

కృష్ణా డెల్టాలోని నల్లరేగడి మట్టి తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకొని పగుళ్లు ఇస్తుంది. మినుము కోసిన తరువాత వేసవిలో పొలంలో కనిపించే పగుళ్ల వంటివే కట్టలోనూ ఏర్పడతాయి. కాలువలు కట్టివేసిన ఏప్రిల్, మే నెలలలో ఇవి లోతుగా దిగుతాయి. వానలు పడి మట్టి నెమ్మదిగా తడిస్తే పగుళ్లు మూసుకొంటాయి. కానీ వానలకు ముందే కాలువ నీరు లేదా వరద అకస్మాత్తుగా వచ్చినట్లయితే పగుళ్ల గుండా నీరు పారుతుంది. కట్టపై గరిక పెంచుట, ఇసుక పాలు గల గరపమట్టిని పైపొరగా పరచుట వలన తేమ నిలిచి పగుళ్లు తగ్గుతాయి.

సముద్ర తీరానికి దగ్గరగా ఉన్న నేలలలో మరొక చిక్కు ఉన్నది. సోడియం అధికంగా ఉన్న బంకమట్టి మంచినీటిలో పాలవలె విడిపోతుంది. ఇట్టి మట్టితో వేసిన కట్ట చూచుటకు గట్టిగా ఉన్నప్పటికీ సన్నని పగులు గుండా పారిన వాననీరు దానిని కరిగించివేస్తుంది. దీనిని రైతు స్థాయిలో తెలుసుకొనుటకు సులభమైన పరీక్ష ఒకటి ఉన్నది. కట్ట మట్టి నుండి శనగ గింజంత సహజమైన పెళ్లను తీసుకొని, గాజు గ్లాసులో పట్టిన వాననీటిలో లేదా డిస్టిల్డ్ వాటరులో నెమ్మదిగా వేసి కదపకుండా ఉంచాలి. పది నిమిషాల తరువాత ఒకసారి, రెండు గంటల తరువాత ఒకసారి గమనించాలి. పెళ్ల విరిగి క్రింద కుప్పగా పడినా నీరు తేటగా ఉంటే అది సాధారణంగా నానుటయే. పెళ్ల చుట్టూ పాలవంటి మసక వ్యాపించినట్లయితే ఆ మట్టి విడిపోయే స్వభావం గలదని అనుమానించాలి. ఈ పరీక్షకు బోరు నీరు, కాలువ నీరు వాడరాదు. వాటిలోని లవణాలు మసకను రానివ్వవు.

అట్టి మట్టిని ప్రయోగశాలలో పరీక్ష చేయించి, నిర్ధారణ అయినచో ఇంజనీర్ల సలహాపై జిప్సం లేదా సున్నం కలిపి కుదించవచ్చును. చౌడు పొలాన్ని జిప్సంతో బాగుచేసే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది: కాల్షియం సోడియంను తొలగించి మట్టి రేణువులను దగ్గరకు చేరుస్తుంది.

గేట్లు నేర్పిన పాఠాలు

ఇటీవలి కాలంలో మన రాష్ట్రంలో, పరిసరాలలో జరిగిన ఘటనలను వరుసగా చూచినట్లయితే గేట్ల నిర్వహణ ఎంత ముఖ్యమో స్పష్టమవుతుంది. 2021 ఆగస్టు 5న పులిచింతల ప్రాజెక్టు 16వ గేటు కొట్టుకొనిపోయినది. 2022 ఆగస్టు చివరిలో ప్రకాశం జిల్లాలోని గుండ్లకమ్మ ప్రాజెక్టు గేటు విరిగి నిల్వ నీరు వృథాగా పోయినది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకొనిపోయినది. గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో వారం రోజులలోపే స్టాప్‌లాగులు దింపి ప్రవాహాన్ని ఆపగలిగినందున ఆ ఏడాది ఆయకట్టుకు కొంత నీరు దక్కినది. మరుసటి నెలలో ప్రకాశం బ్యారేజి వద్దకు వరదలో కొట్టుకొని వచ్చిన పడవలు గుద్దుకొనగా గేట్ల బరువు దిమ్మెలు దెబ్బతిన్నవి.

వీటన్నింటికంటె విషాదకరమైనది కడప జిల్లా రాజంపేట సమీపంలో చెయ్యేరు నదిపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు ఘటన. 2021 నవంబరు 19 తెల్లవారుజామున ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగిన నీటితో కలిసి భారీ వరద వచ్చినది. ప్రాజెక్టుకు ఉన్న 5 గేట్లలో ఒకటి పనిచేయలేదు. స్పిల్‌వే సామర్థ్యాన్ని మించిన ప్రవాహం మట్టి కట్ట మీదుగా పొర్లి దానిని కోసివేసినది. దిగువన పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట వంటి గ్రామాలు దెబ్బతిని పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఆ వరద అన్ని గేట్లు తెరచి ఉన్నా సామర్థ్యాన్ని మించినదే కావచ్చును. అయినను ఐదింటిలో ఒక గేటు పనిచేయకపోవడమంటే నీరు పోయే దారిలో ఐదవ వంతును మనమే మూసివేసినట్లు. అట్టి సమయంలో ప్రతి అంగుళం, ప్రతి గంట విలువైనవి.

తూము తలుపుకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. ఏడాది పొడవునా కదపని స్క్రూ రాడు వరద రోజున కదలదు. తలుపు పైకెత్తే హ్యాండిల్ ఎవరి వద్ద ఉన్నదో తెలియకపోవుట, గాడిలో రాళ్లు, చెత్త ఇరుక్కొనుట, రబ్బరు సీళ్లు చిరిగిపోవుట సాధారణంగా కనిపించే లోపాలు. వీటిని సరిచేయుటకు అయ్యే ఖర్చు స్వల్పం. సరిచేయనందువలన కలిగే నష్టం వందల ఎకరాల పైరు.

బుడమేరు అనుభవం

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన అతి భారీ వర్షాలకు బుడమేరు మళ్లింపు కాలువ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. సైన్యం, జలవనరుల శాఖ కలిసి సెప్టెంబరు 7 నాటికి గండ్లను పూడ్చగలిగాయి. ఈ మళ్లింపు కాలువ ప్రకాశం బ్యారేజి ఎగువన కృష్ణలో కలుస్తుంది. కృష్ణలోనే నీటి మట్టం ఎక్కువగా ఉన్నప్పుడు కాలువ నీరు నదిలోనికి పోలేక వెనుకకు ఎగదన్నుతుంది. అంటే కట్ట భద్రతను దాని బలం ఒక్కటే నిర్ణయించదు. నీరు చేరవలసిన చోట మట్టం ఎంత ఉన్నదన్నది కూడా నిర్ణయిస్తుంది.

చల్లపల్లి ప్రాంతపు మురుగు కాలువలకు కూడా ఇదే పరిస్థితి వర్తిస్తుంది. చివర సముద్రపు పోటు ఉన్నంతసేపు నీరు కదలదు. ఆటు సమయంలో దొరికే కొద్ది గంటలలోనే నీరంతా పోవాలి. గుర్రపుడెక్క, తూటికాడ నిండిన కాలువ ఆ కొద్ది సమయాన్నీ వ్యర్థం చేస్తుంది. మురుగు కాలువలలో కలుపు తీయుట పారిశుద్ధ్యపు పని మాత్రమే కాదు, కట్టల భద్రతకు సంబంధించిన పని కూడా.

ఏడాది పొడవునా పరిశీలన

ఏప్రిల్, మే నెలలు: కాలువలు కట్టివేసిన ఈ సమయంలో గట్టు, తూము అడుగు భాగాలు స్పష్టంగా కనిపిస్తాయి. మరమ్మతులకు ఇదే తగిన కాలం. కట్ట పొడవునా నడిచి పల్లపు చోట్లు, పగుళ్లు, బొరియలు, కదలిన రాతి కట్టుబడి గుర్తించాలి. బొరియ నోటిలో మట్టి కుక్కి వదలివేయుట వలన ప్రయోజనం లేదు. బొరియ చివర వరకు తవ్వి, ముద్ద చేస్తే విడిపోకుండా, చేతికి అంటకుండా ఉండే తేమ గల బంకమట్టిని సుమారు 15 సెంటీమీటర్ల పొరలుగా వేసి దిమ్మిసతో కుదించాలి.

కట్టపై పెద్ద చెట్లు ఉండరాదు. అయితే పెరిగిన చెట్టును మొదలు నరికి వదలివేయుట మరింత ప్రమాదకరం. కొన్నేళ్లలో వేళ్లు కుళ్లి గొట్టాలవలె ఖాళీలు ఏర్పడతాయి. వేసవిలో వేళ్లతో సహా తీసి గుంతను పొరలుగా పూడ్చాలి. వాలుపై గరిక, వట్టివేరు వంటి వాటిని పెంచడం మేలు. పొదలు పెరిగిన కట్టను పరిశీలించుట సాధ్యం కాదు కనుక గడ్డిని పొట్టిగా ఉంచాలి.

జూన్, జూలై నెలలు: కాలువకు నీరు వదలిన మొదటి వారంలో ప్రతిరోజూ గట్టు వెలుపలి అంచును చూడాలి. కొత్తగా కనిపించిన ఊటను కర్ర పాతి గుర్తించి, తేదీ, నీటి మట్టం వ్రాసుకోవాలి. తూము తలుపులను పూర్తిగా ఎత్తి, పూర్తిగా దించి చూడాలి.

ఆగస్టు నుండి నవంబరు వరకు: వరద, తుపాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ కట్టను భాగాలుగా పంచుకొని రాత్రి పగలు కాపలా కాయాలి. ఒక్కొక్క భాగానికి ఇద్దరు చొప్పున ఉండుట మంచిది.

డిసెంబరు: వరదల కాలం ముగిసిన తరువాత నది వైపు వాలును ప్రత్యేకంగా చూచి, జారిన చోట్లను నమోదు చేసి వేసవి పనుల జాబితాలో చేర్చాలి.

ఈ వివరాలన్నింటినీ నీటి వినియోగదారుల సంఘం వద్ద ఒక రిజిస్టరులో వ్రాసి ఉంచాలి. నిరుడు చెంబెడు వచ్చిన ఊట ఈ ఏడు బిందెడు వస్తున్నదని చెప్పగలిగేది ఆ రిజిస్టరు మాత్రమే. అధికారులకు ఇచ్చే అర్జీకి తేదీలతో కూడిన నమోదు తోడైతే దాని విలువ పెరుగుతుంది.

కట్ట పాదానికి దగ్గరగా మట్టి తవ్వకం, చెరువుల తవ్వకం జరుగకుండా చూచుకోవాలి. కట్ట ప్రక్కనే చేపల చెరువు ఉన్నట్లయితే, నదిలో వరద ఉన్న సమయంలో దానిని ఖాళీ చేయరాదు. రెండు వైపుల నీటి మట్టాల మధ్య తేడా పెరిగినకొలదీ ఊట వేగం పెరుగుతుంది.

వరద సమయంలో చేయవలసినవి, చేయరానివి

కట్ట వెలుపలి పాదం వద్ద నీరు బుగ్గవలె పైకి ఉబికి, చుట్టూ ఇసుక లేదా మట్టి దిబ్బగా పేరుకొనుచున్నట్లయితే అది లోపలి కోతకు సూచన. ఇట్టి సమయంలో చాలామంది బుగ్గపై మట్టి బస్తాలు వేసి మూసివేస్తారు. ఇది పొరపాటు. మూసిన నీరు ప్రక్కన మరొక చోట, మరింత బలంగా వెలువడుతుంది. బుగ్గ చుట్టూ ఇసుక బస్తాలతో వలయం కట్టి, దానిలో నీటి మట్టం పెరగనివ్వాలి. లోపలి నీటి ఎత్తు ఒత్తిడిని కొంత తగ్గిస్తుంది. వలయం నుండి వెలువడే నీరు తేటబడినప్పుడు అక్కడితో ఆపి, నీరు పోవుటకు చిన్న దారి విడువాలి. అవసరమైతే బుగ్గపై ముందు ముతక ఇసుక, దానిపై సన్న కంకర, ఆపైన పెద్ద కంకర వేసినట్లయితే నీరు పోతుంది గానీ మట్టి నిలిచిపోతుంది.

నీరు ప్రవేశించే రంధ్రం నది వైపున కనిపించినట్లయితే మాత్రం అక్కడ బంకమట్టి బస్తాలు, టార్పాలిన్‌తో మూయవచ్చును. సూత్రం ఒక్కటే: నీరు ప్రవేశించే చోట మూయాలి, వెలువడే చోట వడకట్టాలి.

పొర్లే ప్రమాదం ఉన్న పల్లపు చోట్లను వరద రాకముందే ఇసుక బస్తాలతో ఎత్తు చేయాలి. ట్రాక్టర్లు, లారీలు తడిసిన కట్టపై తిరుగరాదు. తన పొలంలోని నీరు పోవుటకు ఇతరులకు తెలియకుండా గట్టును కోయుట తన పొరుగువానిని ముంచుటయే గాక, నీరు తిరిగి వచ్చినప్పుడు తన పొలానికీ చేటు తెస్తుంది. ఊట బురదగా మారి వేగంగా పెరుగుచున్నప్పుడు, కట్ట పైభాగం కుంగుచున్నప్పుడు ఆ కట్టను కాపాడే ప్రయత్నం కంటె దిగువ వారిని తరలించుట ముఖ్యం. జలవనరుల శాఖ, రెవెన్యూ సిబ్బంది ఫోను నంబర్లు ప్రతి కాపలాదారుని వద్ద ముందే ఉండాలి.

పైరు మునిగినప్పుడు

గండి పడిన తరువాత చేయగలిగినది స్వల్పమే. అయినను నీరు ఎంత త్వరగా బయటకు పోతే నష్టం అంత తగ్గుతుంది. పిలక దశలోని వరి పూర్తిగా మునిగి ఉన్న రోజుల సంఖ్యను బట్టి కోలుకొంటుంది. ముంపును తట్టుకొనే జన్యువు గల స్వర్ణ సబ్-1 వంటి రకాలు సుమారు రెండు వారాల ముంపును కూడా ఓర్చుకొనగలవు. తరచుగా మునిగే పల్లపు భూములకు ఇట్టి రకాలను ఎంచుకొనుట మేలు. నీరు తీసిన తరువాత నేల పరిస్థితిని బట్టి నత్రజని, పొటాష్ ఎరువులను పైపాటుగా వేయాలి. గింజ గట్టిపడిన వరి పడిపోయి నీటిలో ఉన్నట్లయితే మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణాన్ని పిచికారి చేయాలి. లంక భూములలోని పసుపు, అరటి, కంద వంటి పంటలకు నీరు తీయుటయే ప్రధానం. ఆపై లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ పిచికారి చేసినట్లయితే మొక్క త్వరగా తేరుకొంటుంది. స్థానిక సలహాకు ఘంటసాలలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించవచ్చును.

ముగింపు

1855 నాటి ఆనకట్ట దాదాపు నూరేళ్లు నిలిచి 1952లో తెగినది. నేటి బ్యారేజి కూడా ఏడు దశాబ్దాలకు చేరువవుతున్నది. కట్టడం పాతబడుట సహజం. దానిని గమనించకుండుట మాత్రం మనిషి లోపం. పైన వివరించిన ఘటనలలో చాలావాటికి ముందు ఏదో ఒక సూచన ఉన్నది: తిరగని గేటు, కారుతున్న కట్ట, పూడ్చని బొరియ, పూడిపోయిన కాలువ. వాటిని గుర్తించుటకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. వేసవిలో ఒక రోజు, వరదల తరువాత ఒక రోజు గ్రామస్థులు, లస్కరు, ఇంజనీరు కలిసి కట్ట పొడవునా నడిచి, చూచినది వ్రాసి, వ్రాసినది సరిచేయించుకొన్నట్లయితే చల్లపల్లి ప్రాంతపు పైరుకు, ప్రాణానికి అది గొప్ప రక్షణ కాగలదు. రానున్న వేసవిలో కాలువలు కట్టివేయగానే ఈ పనిని ఆరంభించవలసినదిగా నీటి వినియోగదారుల సంఘాలకు, రైతు సోదరులకు సూచించడమైనది.